ఐదు నుంచి ఆరు మధ్య కలుద్దాం

ఇద్దరు స్నేహితురాళ్లు. ఒకరి ఇల్లు బౌద్ధనగర్‌లో, ఇంకొకరిది తార్నాకలో. సాయంత్రం ఐదు నుంచి ఆరు మధ్య ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర కలుద్దామనుకున్నారు. సరిగ్గా ఎన్నింటికి రాగలరో ఇద్దరికీ తెలియదు. ఫోన్ చేసుకోకూడదు. ముందు వచ్చినవాళ్లు పావుగంట చూడాలి, రెండోవాళ్లు రాకపోతే వెళ్లిపోవాలి. మరి వాళ్లు కలుసుకునే అవకాశం ఎంత?

ఈ ప్రశ్న వేస్తే ఎక్కువగా వినిపించే జవాబు నాలుగింట ఒకటి. గంటలో పావుగంట నాలుగో వంతు కదా అంటారు. ఇంకొందరు సగం సగం అంటారు. కలుస్తారు, లేకపోతే కలవరు, రెండే కదా దారులు అని వాళ్ల వాదన. రెండు జవాబులూ తప్పే. అసలు జవాబు పదహారింట ఏడు, అంటే నూటికి దాదాపు 44.

దీన్ని తేల్చడానికి సూత్రమేదీ అక్కర్లేదు. ఒక గ్రాఫ్ కాగితం, పెన్సిల్ చాలు. పదో తరగతి పిల్లలైనా, గ్రూప్స్ పరీక్షలకు తయారవుతూ క్యాంపస్ చుట్టుపక్కల గదుల్లో ఉండే పెద్దవాళ్లయినా గణితం దగ్గర అడిగే ప్రశ్న ఒకటే: "సూత్రం తెలుసు, కానీ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?" రేఖాగణితంలో ఈ ఇబ్బంది కొంత తక్కువ. అక్కడ త్రిభుజమో వృత్తమో కళ్ల ముందు ఉంటుంది, వేలు పెట్టి చూపించవచ్చు. సంభావ్యత, అంటే ప్రాబబిలిటీ, అనగానే కాగితం మీద ఏమీ కనిపించదు. మాటలు, వాటి కింద ఒక భిన్నం, అంతే. అందుకే నా సలహా: సంభావ్యత లెక్కను కూడా రేఖాగణితం లెక్కలాగే బొమ్మతో మొదలుపెట్టండి. ఏమేం జరగవచ్చో అదంతా ముందు గీయండి. మనకు కావలసింది అందులో ఎంత భాగమో తర్వాత చూడండి.

గంటను చదరంగా గీస్తే

కాగితం మీద ఒక చదరం గీయండి. కింది అంచు బౌద్ధనగర్ అమ్మాయి వచ్చే సమయం. ఎడమ కొస ఐదు గంటలు, కుడి కొస ఆరు గంటలు. ఎడమ అంచు తార్నాక అమ్మాయి వచ్చే సమయం. అడుగున ఐదు, పైన ఆరు. రెండు అంచులనూ పావుగంటకొక గీత చొప్పున విడదీస్తే చదరంలో పదహారు గళ్లు ఏర్పడతాయి.

ఇప్పుడు ఆ చదరంలో ఎక్కడ చుక్క పెట్టినా అది ఒక సాయంత్రం. బౌద్ధనగర్ అమ్మాయి ఐదూ పదికి, తార్నాక అమ్మాయి ఐదూ నలభైకి వచ్చిన సాయంత్రం ఒక చుక్క. ఇద్దరూ ఐదున్నరకే వచ్చిన సాయంత్రం సరిగ్గా నడిమధ్య చుక్క. జరగడానికి వీలున్న సాయంత్రాలన్నీ ఈ చదరంలోనే ఉన్నాయి, దీని బయట ఒక్కటీ లేదు. పుస్తకాల్లో శాంపుల్ ఆవరణ అనేది ఇదే. మనం 'సాధ్యాల పటం' అనుకుందాం.

కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఒక గీత గీస్తే దాని మీద ఉండేవి ఇద్దరూ ఒకే నిమిషానికి వచ్చిన సాయంత్రాలు. ఆ గీతకు ఇటూ అటూ పావుగంట మేర ఉన్న ఏటవాలు పట్టీ అంతా వాళ్లు కలుసుకున్న సాయంత్రాలు. పట్టీకి బయట రెండు మూలల్లో రెండు లంబకోణ త్రిభుజాలు మిగులుతాయి. వాటిలో ఒకరు మరీ ముందొచ్చి వెళ్లిపోయారు, లేదా మరీ ఆలస్యంగా వచ్చారు.

పట్టీ వైశాల్యం నేరుగా కట్టాలంటే కాస్త చిరాకు. త్రిభుజాలను పట్టుకోవడం సులువు. ఒక్కోదాని లంబ భుజాలు మూడేసి గళ్ల పొడవున్నాయి. రెండూ సమానం. కత్తిరించి ఏటవాలు అంచులు కలిపి పెడితే మూడు గళ్ల భుజమున్న చదరం అవుతుంది. మూడు మూళ్లు తొమ్మిది. పదహారులో తొమ్మిది పోతే ఏడు. జవాబు వచ్చేసింది.

ఈ బొమ్మ ఒక్క లెక్కతో పని ముగించుకునేది కాదు, అదే దీని బలం. అరగంట చూస్తామన్నారనుకోండి, మూలల్లోని త్రిభుజాలు కుంచించుకుపోయి కలుసుకునే అవకాశం ముప్పావుకు పెరుగుతుంది. పది నిమిషాలే చూస్తామంటే 36లో 11కి పడిపోతుంది. సగానికి కాస్త పైన అవకాశం ఉండాలంటే ఎంతసేపు చూడాలి? పద్దెనిమిది నిమిషాలు. అప్పుడు నూటికి 51. ఇవన్నీ అదే చదరంలో గీతలు కొంచెం జరిపితే వచ్చే జవాబులు.

లెక్కలో మనం నోరెత్తకుండా ఒప్పుకున్న సంగతులు రెండున్నాయి, వాటిని బయటపెట్టాలి. ఐదు నుంచి ఆరు వరకు ఏ నిమిషానికి వచ్చే అవకాశమైనా ఒకటే అనుకున్నాం. ఒకరి రాకకూ ఇంకొకరి రాకకూ సంబంధం లేదనుకున్నాం. ఒకే వాన ఇద్దరినీ ఆపేసిందనుకోండి, ఇద్దరూ ఆలస్యమవుతారు. అప్పుడు చదరంలో చుక్కలు అంతటా సమానంగా పరుచుకోవు, ఏటవాలు గీత చుట్టూ గుమిగూడతాయి, కలుసుకునే అవకాశం పెరుగుతుంది. పరీక్షలో ప్రశ్న ఇచ్చేవారు ఈ షరతులను ఒక్కోసారి చెప్పకుండా వదిలేస్తారు. చదివేవారు మాత్రం వాటిని వెతికి పట్టుకోవాలి.

నాలుగు గవ్వలు, పదహారు దారులు

మన పాఠ్యపుస్తకాల్లో సంభావ్యత అంటే నాణేలు, పాచికలు, పేకముక్కలు. నాణెం సరే. పేకముక్కల దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఇంట్లో పేక కట్ట కనిపిస్తే దెబ్బలు పడే కుటుంబాల్లో పెరిగిన పిల్లలు ఇస్పేటు ఏదో, కళావరు ఏదో తెలియక మార్కులు పోగొట్టుకుంటారు. లెక్క రాక కాదు, ఆట తెలియక. అష్టాచమ్మా మాత్రం తెలుగు ఇళ్లలో అమ్మమ్మల దగ్గర నుంచి అందరికీ తెలిసిన ఆట. సంభావ్యతకు అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

నాలుగు గవ్వలు వేస్తాం. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గళ్లు. పందేలు ఐదు రకాలు. మరి చమ్మా పడే అవకాశం ఐదింట ఒకటేనా?

ఆడినవాళ్లెవరూ ఒప్పుకోరు. రెండు పడినంత తరచుగా చమ్మా పడదని చేతికే తెలుసు. కారణం కావాలంటే మళ్లీ సాధ్యాల పటం గీయాలి. నాలుగు గవ్వలకూ పేర్లు పెట్టి, ఒక్కోటి వెల్లకిలానో బోర్లానో రాస్తూ పోతే పదహారు వరసలు వస్తాయి. వాటిలో నాలుగూ వెల్లకిలా ఉన్న వరస ఒక్కటే. మూడు వెల్లకిలా ఉన్నవి నాలుగు, రెండు ఉన్నవి ఆరు, ఒకటి ఉన్నవి నాలుగు, ఏదీ లేనిది ఒకటి. ఒకటి, నాలుగు, ఆరు, నాలుగు, ఒకటి. చమ్మా పదహారింట ఒకటి, రెండు పడడం పదహారింట ఆరు.

ఐదు రకాలున్నాయి కాబట్టి ఐదింట ఒకటి అనడం చిన్నపిల్లలు చేసే పొరపాటని తీసిపారేయకండి. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు దలాంబేర్ అంతటివాడు 1754లో ఇలాగే పొరబడ్డాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారి బొమ్మ పడే అవకాశం మూడింట రెండు అని రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే కాబట్టి ఉన్నవి మూడే దారులని అతని లెక్క. నాలుగు దారులూ పూర్తిగా రాసి ఉంటే నాలుగింట మూడు అని తేలేది.

ఒకటి, నాలుగు, ఆరు, నాలుగు, ఒకటి అనే వరస ఛందస్సు చదివినవాళ్లకు పాత చుట్టమే. లఘువు, గురువు అనే రెండింటితో మూడక్షరాల గణాలు ఎనిమిదని తెలుగు వాచకంలో నేర్చుకుంటాం: య, మ, త, ర, జ, భ, స, న. నాలుగు అక్షరాలకైతే పదహారు; వాటిని గురువుల సంఖ్య ప్రకారం విడదీస్తే మళ్లీ ఒకటి, నాలుగు, ఆరు, నాలుగు, ఒకటి. పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు ఈ అంకెలను కొండలా పేర్చే పద్ధతిని వివరించాడు. దాని పేరు మేరుప్రస్తారం. ఐరోపా గణితం దాన్ని పదిహేడో శతాబ్దపు పాస్కల్ పేరుతో పిలుస్తుంది. నాలుగింటిలో ఏ రెండింటిని ఎన్నుకోవాలన్నా ఆరు దారులే. ఇలాంటి ఎంపికలను లెక్కగట్టే సాధారణ సూత్రాన్ని తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. వెయ్యేళ్ల కిందటే తెలుగులో గణితం చదువుకునే వీలుండేదన్నది మన పిల్లలకు చెప్పవలసిన విషయం.

ఇప్పటిదాకా గవ్వ వెల్లకిలా పడడానికీ బోర్లా పడడానికీ సమాన అవకాశం ఉందనుకున్నాం. గవ్వ ఆకారం చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు చీలిక. గవ్వలు లేనప్పుడు ఒక పక్క అరగదీసి వాడే చింతగింజలదీ అదే సంగతి. ఉదాహరణకు ఒక గవ్వ నూటికి 40 సార్లే వెల్లకిలా పడుతుందనుకుందాం. చదరం గీసి, కింది అంచును 40, 60గా విడదీసి, నిలువు అంచునూ అలాగే విడదీయండి. రెండు గవ్వలకు నాలుగు దీర్ఘచతురస్రాలు వస్తాయి: నూటికి 16, 24, 24, 36. రెండూ బోర్లా పడేది 36. ఇంకో జత గవ్వలకూ అంతే కాబట్టి నాలుగూ బోర్లా పడేది 36లో నూటికి 36, అంటే దాదాపు 13. నాలుగూ వెల్లకిలా పడేది 16లో నూటికి 16, అంటే రెండున్నర. అష్టా చమ్మా కంటే ఐదు రెట్లు తరచుగా పడుతుంది! మీ ఇంటి గవ్వల అసలు స్వభావం ఏ సూత్రమూ చెప్పలేదు. వందలసార్లు వేసి రాసుకోవాల్సిందే. సంభావ్యత ఆగి గణాంక శాస్త్రం మొదలయ్యేది ఇక్కడే.

చీపురు పుల్ల త్రిభుజం

రేఖాగణితం ఇంకాస్త లోతుగా దిగే లెక్క ఒకటుంది. ఒక చీపురు పుల్ల తీసుకుని, ఏమీ చూసుకోకుండా రెండు చోట్ల గుర్తుపెట్టి అక్కడ విరిచారు. మూడు ముక్కలు. వాటిని చివర్లు కలిపి త్రిభుజంగా పేర్చగలగడానికి అవకాశం ఎంత?

త్రిభుజంలో ఏ భుజమైనా మిగతా రెండింటి మొత్తం కంటే చిన్నదిగా ఉండాలని తొమ్మిదో తరగతిలోపే చదువుకుంటాం. పుల్ల మొత్తం పొడవు మారదు కాబట్టి దీని అర్థం: ఏ ముక్కా పుల్లలో సగానికి చేరకూడదు. నియమం దొరికింది. సాధ్యాల పటం ఏది? ముక్కలు మూడు, కాగితానికి ఉన్న దిక్కులు రెండే.

ఇక్కడ గెలీలియో శిష్యుడు వివియాని పేరు మీద ఉన్న సిద్ధాంతం పనికొస్తుంది. పుల్లంత ఎత్తున్న సమబాహు త్రిభుజం గీయండి. లోపల ఎక్కడైనా ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి మూడు భుజాలకూ లంబాలు దించండి. ఆ మూడు లంబాల మొత్తం ఎప్పుడూ త్రిభుజం ఎత్తుకు సమానం. ఎందుకు? చుక్కను మూడు శీర్షాలకూ కలిపితే పెద్ద త్రిభుజం మూడు చిన్న త్రిభుజాలుగా విడిపోతుంది. మూడింటి భూములూ సమానం, ఎత్తులు మనం దించిన లంబాలు. వాటి వైశాల్యాల మొత్తం పెద్ద త్రిభుజం వైశాల్యమే. భూమి సగం చొప్పున అందరికీ ఒకటే గనక ఎత్తుల మొత్తం కూడా పెద్ద ఎత్తే కావాలి. ఇంత చిన్న నిరూపణలో ఇంత పని జరగడం నాకు ఎప్పుడు చూసినా సంతోషంగా ఉంటుంది.

అంటే పుల్లను విరిచే ప్రతి తీరుకూ త్రిభుజంలో ఒక చుక్క, ప్రతి చుక్కకూ ఒక తీరు. ఏ ముక్కా సగం మించకూడదంటే చుక్క ఏ భుజానికీ సగం ఎత్తు కంటే దూరం పోకూడదు. మూడు భుజాల మధ్యబిందువులనూ కలపండి. నాలుగు సమాన త్రిభుజాలు వస్తాయి. మూలల్లో ఉన్న మూడూ పనికిరావు. నడిమి తలకిందుల త్రిభుజంలో చుక్క పడితేనే ముక్కలు త్రిభుజం కడతాయి. జవాబు నాలుగింట ఒకటి.

ఇదే పుల్లను ఇంకోలా విరిచి చూడండి. ముందు ఒకచోట విరిచి, వచ్చిన రెండు ముక్కల్లో పొడవైనదాన్ని తీసుకుని మళ్లీ ఎక్కడో విరవండి. ఇప్పుడు త్రిభుజం వచ్చే అవకాశం నూటికి 25 కాదు, దాదాపు 39. రెండింటిలో చేతికి దొరికిన ముక్కను, పొడవు చూడకుండా విరిస్తే నూటికి దాదాపు 19. పుల్ల అదే, ముక్కలు మూడే, నియమమూ మారలేదు. మారింది విరిచే పద్ధతి, దాంతోపాటు సాధ్యాల పటం. 1889లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ బెర్ట్రాండ్ వృత్తంలో యాదృచ్ఛికంగా గీసిన జ్యా గురించి ఒకే ప్రశ్న వేసి, మూడు తీర్ల మూడు జవాబులు రాబట్టాడు. హద్దులు చెప్పకుండా పొలం విస్తీర్ణం అడిగితే అమీన్ ఏం చెప్పగలడు? 'యాదృచ్ఛికంగా' అన్న మాట లెక్కలో కనిపిస్తే, దేన్ని, ఏ పద్ధతిలో అని ముందు అడగాలి.

రెండు గవ్వల మధ్య దూరం

సంభావ్యతకు బొమ్మ గీయడం పిల్లల కోసం చేసే సులభోపాయమని ఎవరైనా అనుకుంటే వాళ్లకు గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారి పని చూపించాలి. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కలకత్తాలో పాఠం చెబుతుండగా దాండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న అడిగాడు. పెద్ద సంఖ్యలో పరిశీలనలు ఉన్నప్పుడు నిజమని మీరు చెప్పిన ఫలితం, కొద్ది పరిశీలనలకు కూడా వర్తిస్తుందా అని. రావు గారు ఆ రాత్రి కూర్చుని జవాబు కట్టారు. క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతా చదువుకునేది దాన్నే. 1945లో అచ్చయిన ఆ వ్యాసంలోనే ఆయన ఇంకో ఆలోచన పెట్టారు: సంభావ్యతల మధ్య దూరాన్ని రేఖాగణితంతో కొలవవచ్చు.

దూరం అంటే ఏమిటి? నూటికి 50 సార్లు వెల్లకిలా పడే గవ్వ ఒకటి, 51 సార్లు పడేది ఇంకొకటి. వేరే జతలో నూటికి ఒకసారి పడేది, రెండుసార్లు పడేది. రెండు జతల్లోనూ తేడా ఒక్క శాతమే. కానీ వేసి చూసి తేడా పట్టుకోవడం రెండో జతలో చాలా తేలిక. ఒకటి ఇంకొకదానికి రెట్టింపు కదా. మామూలు తీసివేత ఈ సంగతి చెప్పలేదు.

రావు గారు చూపిన దారిలో రెండే ఫలితాలున్న ఆటకు ఇలా గీస్తాం. వ్యాసార్ధం ఒకటి ఉన్న పావు వృత్తం తీసుకోండి. వెల్లకిలా పడే అవకాశానికి వర్గమూలం అడ్డంగా, బోర్లా పడే అవకాశానికి వర్గమూలం నిలువుగా కొలిచి చుక్క పెట్టండి. రెండు అవకాశాల మొత్తం ఎప్పుడూ ఒకటే. కాబట్టి పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం చుక్క తప్పకుండా వృత్తం మీదే పడుతుంది. ప్రపంచంలో ఉండగల గవ్వలన్నీ ఆ వంపు మీద ఉంటాయి. రెండు గవ్వల చుక్కలనూ కేంద్రంతో కలిపితే వచ్చే కోణమే ఆ గవ్వల మధ్య దూరానికి కొలత. 50, 51 శాతాల మధ్య కోణం 0.57 డిగ్రీలు. 1, 2 శాతాల మధ్య దాదాపు 2.4 డిగ్రీలు. నాలుగు రెట్లకు పైగా! దూరం తగ్గేకొద్దీ తేడా పట్టడానికి కావలసిన పందేలు ఆ దూరపు వర్గానికి విలోమంగా పెరుగుతాయి. కాబట్టి మొదటి జతను విడదీయడానికి రెండో జతకంటే సుమారు పదిహేడు రెట్లు ఎక్కువసార్లు గవ్వలు వేయాలి.

పావు వృత్తం, పైథాగరస్, ఒక కోణం. ఇందులో పదో తరగతికి తెలియనిది ఏదీ లేదు. ఈ దారి తర్వాత ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే ఒక శాఖగా ఎదిగింది. రావు గారికి 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారం ఇచ్చినప్పుడు ఎత్తి చూపించింది 1945 నాటి ఆ వ్యాసాన్నే. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో, ఆయన అమెరికాలో కన్నుమూశారు. ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ గచ్చిబౌలిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో పనిచేస్తోంది.

గణితం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. సంభావ్యత పాఠం మొదలయ్యే రోజు సూత్రం రాసే ముందు ఒక్కొక్కరికీ ఒక గ్రాఫ్ కాగితం, నాలుగు చింతగింజలు ఇవ్వండి. చదివే పిల్లలకు ఒక లెక్క వదిలిపెడుతున్నాను. ఆర్ట్స్ కాలేజీ దగ్గర కలవాల్సిన స్నేహితురాళ్లు ఇప్పుడు ముగ్గురు, మూడో అమ్మాయి సీతాఫల్‌మండి నుంచి వస్తోంది. అదే గంట, అదే పావుగంట. ముగ్గురూ ఒకేచోట ఉండే క్షణం రావాలి. చదరం కాస్తా ఘనమవుతుంది, పదహారు గళ్లకు బదులు అరవై నాలుగు చిన్న ఘనాలు వస్తాయి. జవాబు 32లో 5. అది ఎలా వచ్చిందో మీరు గీసి తేల్చండి.